గాజుతొట్టిలోని చేపలు



గడచిన మాసమున పెరటిలో ఆకుకూరలు పెంచుటనుగూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము ఇంటిలో గాజుతొట్టియందు చేపలను పెంచునప్పుడు కలుగు చిక్కులనుగూర్చి వ్రాయబూనితిమి. ఇది వంటయు కాదు, కుట్టుపనియు కాదు. అయినను ఇప్పుడు పట్టణములలోనేగాక చిన్న యూళ్లలో సైతము పెక్కు ఇండ్ల ముందుగదులలో అక్వేరియమను ఈ తొట్టి కానవచ్చుచున్నది. దానిని ముచ్చటపడి కొని తెచ్చువారు మగవారు. తెమ్మని మారాము చేయువారు పిల్లలు. నీరు మార్చువారును, చచ్చిన చేపను తీసి పారవేయువారును మాత్రము మనమే. కాబట్టి దాని సంగతి మనము చక్కగా తెలిసికొనియుండుట మేలు.

ముందుగా మా ఇంటి కథ చెప్పెదము. మూడేండ్ల క్రిందట మా చిన్నమ్మాయి పుట్టినరోజునకు మావారు రెండడుగుల పొడవుగల గాజుతొట్టిని, ఆరు బంగారుచేపలను తెచ్చిరి. ఆ సాయంకాలమే తొట్టిని కడిగి, రంగురాళ్లు పరచి, కుళాయినీరు నింపి, గంటలోపల చేపలను విడిచితిమి. ఇల్లంతయు పండుగవలె నుండెను. అమ్మాయి బడినుండి వచ్చి చిటికెడు మేత వేయును. మా అత్తగారు పూజ ముగించి లేచి చిటికెడు వేయుదురు. ఇంటికి వచ్చిన చుట్టములు చూచి మురిసి మరియొక చిటికెడు వేయుదురు. నాలుగవనాటికి నీరు పలుచని పాలవలె తెల్లబారెను. మేము అపరిశుభ్రమని తలచి, నీరంతయు పారబోసి, రాళ్లను సబ్బుతో తోమి, ఫిల్టరును కుళాయిక్రింద కడిగి, తొట్టిని అద్దమువలె మెరయించి మరల నింపితిమి. మరునాటి ఉదయమునకు రెండు చేపలు వెల్లకిల తేలియుండెను. పదిదినములలో ఆరును పోయినవి.

అమ్మాయి వెక్కివెక్కి యేడ్చుచుండగా మా అత్తగారు దానిని ఒడిలోనికి తీసికొని, "ఏడవకు తల్లీ. ఇంటికి రావలసిన కీడును ఆ చేపలు తమమీద వేసుకొని పోయాయి. మనకు మంచే జరిగింది" అని ఊరడించిరి. ఈ మాటను మీలో పెక్కుమంది వినియే యుందురు. అమ్మాయి కన్నులు తుడుచుకొని, "అయితే నాయనమ్మా, అవి మన బదులు చావడానికే కొనుక్కొచ్చామా?" అని అడిగినది. అత్తగారు బదులు చెప్పలేదు. మేమును చెప్పలేకపోతిమి.

ఆ కీడు ఎక్కడినుండియో రాలేదని మాకు తరువాత తెలిసినది. దానిని మా చేతులతోనే, ప్రేమతోనే, చిటికెడు చిటికెడుగా, చెంబెడు చెంబెడుగా ఆ తొట్టిలో పోసితిమి. తొట్టి ఆరు మాసములు అటకమీద నుండెను. ఆ కాలమున మేము చదివినదియు, అనుభవజ్ఞులనడిగి తెలిసికొన్నదియు, మరల పెట్టిన పిమ్మట నేర్చుకొన్నదియు క్రింద వ్రాయుచున్నాము.

మొదటిది చోటు. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భాగవతము చదువుకొన్నప్పుడు మత్స్యావతార కథ వింటిమి. సత్యవ్రతుడు నదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి వచ్చిన చేపపిల్ల తన్ను కాపాడుమని వేడినది. ఆ రాజు దానిని కమండలువులో నుంచగా రాత్రి గడచునప్పటికి అది చాలలేదు, పెద్దపాత్రయు చాలలేదు, సరస్సును చాలలేదు. నాడు దానిని విష్ణుమహిమగానే వింటిమి. చేపలను పెంచు గృహిణికి దానియందొక గృహధర్మము గూడ కానవచ్చును. శరణని మన యింటికి వచ్చిన ప్రాణికి మనమిచ్చిన చోటు చాలుచున్నదా యని దినదినము చూచుకొనవలయును. అంగడిలో అంగుళమున్నర పొడవున్న బంగారుచేప సరియైన పోషణమున అరయడుగునకు పెరుగును, పదియేండ్లకు పైగా బ్రదుకును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టిలో అంచువరకు నింపినను 56 లీటర్ల నీరే పట్టును. అందులో ఆరు బంగారుచేపలన్న ఒక్క గదిలో ఆరు కుటుంబములను కాపురముంచినట్లే. గుండ్రని గాజుబుడ్డి మరింత కష్టము. దాని మూతి యిరుకగుటచే నీటికి గాలి సోకదు. చిన్న తొట్టి గలవారు గప్పీలవంటి చిన్న చేపలను, అవియు కొలదిగానే పెంచుట యుక్తము.

తొట్టిని పెట్టు చోటును గూడ ముందే యోచింపవలయును. పైన చెప్పిన తొట్టి నీరు, రాళ్లు, గాజు కలిసి 60 కిలోలకు మించి తూగును. పలుచని బల్లమీద నిలువదు. కిటికీ యెదుట ఎండ పడు చోట పెట్టిన నీరు పచ్చబడి నాచు పట్టును. దీపము దినమునకు ఎనిమిది గంటలు చాలును. రాత్రి చేపలకును చీకటి కావలయును.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నీటిలో కంటికి కనబడక జరుగు సంగతి. చేప నీటిలోనే తినును, నీటిలోనే విసర్జించును, ఆ నీటినుండియే ఊపిరి తీయును. దాని మొప్పలనుండియు, మలమునుండియు, మిగిలి కుళ్లిన మేతనుండియు అమోనియా యను విషము పుట్టుచుండును. చెరువులో నీరు విస్తారము గనుక అది పలుచబడిపోవును. తొట్టిలో ఎక్కడికి పోవును? దీనికి ప్రకృతియే యొక యేర్పాటు చేసినది. ఒక జాతి సూక్ష్మజీవులు అమోనియాను గ్రహించి నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే; అది చేప నెత్తురులో చేరి ప్రాణవాయువును మోయు శక్తిని హరించును. మరియొక జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. మంచినీటి తొట్లలో ఈ రెండవ పని చేయునవి ముఖ్యముగా నైట్రోస్పైరా జాతివని 1998లో ప్రకటింపబడిన పరిశోధనవలన తేలినది. నైట్రేటు కొలదిగా నున్న అంత హాని చేయదు. వారమున కొకసారి కొంత నీరు మార్చిన తగ్గును. తొట్టిలో మొక్కలున్న వానికి ఎరువగును.

ఈ సూక్ష్మజీవులు నీటిలో కంటె ఇసుకను, రాళ్లను, ఫిల్టరులోని స్పంజిని అంటిపెట్టుకొనియే యెక్కువగా బ్రదుకును. క్రొత్త తొట్టిలో ఇవి చాలినంతగా వృద్ధిపొందుటకు సుమారు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మా తొట్టిలో చేపలను విడిచిననాడు ఇవి లేనేలేవు. నాలుగు దినములలో పుట్టిన కొలదియు సబ్బుతోను, కుళాయినీటితోను పోయినవి. మేము మురికి యనుకొని కడిగినది ఆ చేపల ప్రాణరక్ష!

మనకు దీనిని బోధించుటకు వేరు శాస్త్రమక్కరలేదు. పాలు కాచి చల్లార్చి ఊరక యుంచినచో పెరుగగునా? తోడు వేయవలయును, తోడుకొనువరకు కదపక ఓర్చుకొనవలయును. క్రొత్త తొట్టియు అట్టిదే. ఆరోగ్యమైన పాత తొట్టిగల వారియొద్దనుండి ఫిల్టరు స్పంజిలో ఒక ముక్కనో, దోసెడు ఇసుకనో తడియారకుండ తెచ్చి మన తొట్టిలో వేసిన అదియే తోడు. అట్టివారెవరును లేనిచో చేపలు లేకుండగనే ఫిల్టరును నడపుచు, దినమున కొక చిటికెడు మేతను నీటిలో కుళ్లనిచ్చినచో సూక్ష్మజీవులకు ఆహారము దొరకును. అమోనియాను, నైట్రైటును పరీక్షించు ద్రవములు చేపల అంగళ్లలో దొరకును. ఆ రెండును ముందు కనబడి, పిమ్మట రెండును సున్నకు వచ్చిననాడు తొట్టి సిద్ధమైనదని తెలియవలయును. అప్పుడును ఒక్కసారి అన్నిటిని విడువక, రెండు మూడు చేపలను విడిచి, పక్షము గడచిన పిమ్మట మరికొన్నింటిని చేర్చవలయును. క్రొత్త తొట్టిలో నీరు పాలవలె తెల్లబారుటయు సూక్ష్మజీవుల విజృంభణమువలననే. మేత తగ్గించి ఓర్చుకొన్నచో కొలదిదినములలో దానంతట అదియే తేరుకొనును.

మూడవది నీరు మార్చుట. నీరంతయు ఒక్కమారు మార్చరాదు. వారమున కొకసారి నాలుగవ వంతు మార్చిన చాలును. మా తొట్టికి ఇది యించుమించు ఒక బిందెడు. స్పంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలయును. సబ్బు ఏ పాటియు తగులరాదు. చేతికి పసుపు, నూనె, గంధము అంటియుండగా తొట్టిలో చేయి పెట్టరాదు.

పురపాలకులు మనకు పంపు నీటిలో సూక్ష్మజీవులను చంపుటకే క్లోరిన్ కలుపుదురు. అది మనకు రక్ష, చేప మొప్పలకు మంట. వెడల్పు మూతిగల బకెట్టులో నీటిని ఒక దినము నిలువయుంచిన క్లోరిన్ చాలవరకు ఆవిరియగును. తొందర యున్నవారు యాంటీ క్లోరిన్ అను మందును సీసాపై చెప్పిన కొలతప్రకారము కలుపవచ్చును. కొన్ని దేశములలో వాడు క్లోరమీన్ అను పదార్థము మాత్రము నిలువయుంచినంతమాత్రమున పోదు. విదేశములలోనున్న సోదరీమణులు దీనిని గమనింపవలయును. మంచినీరు మంచిదే కదాయని డబ్బా నీటిని, ఆర్.ఓ. యంత్రపు నీటిని నింపువారు కొందరున్నారు. ఆ నీటిలో లవణములు మిక్కిలి తక్కువ గనుక ఆమ్లగుణము తటాలున పెరిగి చేపలు కుదేలగును. మన బోరునీరు కటువైనను గప్పీలకు, బంగారుచేపలకు బాగుగనే సరిపడును.

నాలుగవది మేత. చేపలు రెండు నిమిషములలో తినివేయునంత మాత్రమే, దినమున కొకటి రెండుసార్లు వేయవలయును. చేప ఎప్పుడును ఆకలిగొన్నట్లే మూతి తెరచుచు మన వైపునకు వచ్చును, దానిని నమ్మరాదు. మా ఇంటిలో మేత డబ్బాను అమ్మాయి చేతికే యిచ్చి, వేసినవారు గోడమీది క్యాలెండరులో గీత పెట్టవలయునని కట్టడి చేసితిమి. అత్తగారును గీత పెట్టుచున్నారు. వారమున కొకనాడు చేపలకును ఉపవాసము. రెండు మూడు దినములు ఊరికి పోయినను ఆరోగ్యమైన పెద్దచేపలు ఆకలితో చావవు; మనము లేనప్పుడు పొరుగువారు దయతో గుప్పెడు వేసినచో మాత్రము చచ్చును.

ఐదవది గాలి, వేడి. చల్లని నీటిలో కంటె వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుచును. 20 డిగ్రీల వేడియందు లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు నిలువగలిగిన ప్రాణవాయువు, 30 డిగ్రీలయందు ఏడున్నరకు తగ్గును. చేపకో, వేడిలో మరింత కావలయును. కావుననే మన రోహిణీకార్తెలో చేపలు పైకి వచ్చి గాలికి రొప్పుచుండును. అప్పుడు మూత తీసి, విద్యుత్పంకా గాలి నీటిపై తగులునట్లు చేసిన నీరు కొంత చల్లబడును. మంచుముక్కలను తటాలున వేయరాదు. వేడిలో కలుగు ఆకస్మికమైన మార్పే చేపకు దెబ్బ. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడచు చిన్న గాలిమోటారు మంచి సాధనము. అదియు లేనివారు చెంబుతో తొట్టినీటినే తీసి జానెడెత్తునుండి మరల పోయుచుండిన గాలి కలియును. ఆనాడు మేత వేయకుండుట మేలు. ఖర్చు తగ్గునని రాత్రులయందు ఫిల్టరును నిలుపువారున్నారు. 5 వాట్ల మోటారు నెల పొడుగునా రాత్రింబవళ్లు నడచినను 4 యూనిట్ల కరెంటును మించదు. దానిని నిలిపినచో స్పంజిలోని సూక్ష్మజీవులకు ఊపిరాడదు.

ఫైటరు చేపనుగూర్చి ఒక మాట. ఇది సయాము దేశపుది. థాయిలాండు ప్రభుత్వము 2019లో దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించినది. దీనికి మొప్పలేగాక పైగాలిని పీల్చు ప్రత్యేకావయవము గలదు. ఆ సాకుతో దీనిని అరచేయంత సీసాలో నుంచి యమ్ముదురు. గాలి దొరికినంతమాత్రమున విషము పోవునా? దీనికిని కనీసము ఒక బిందెడు నీరు కావలయును. రెండు మగచేపలను ఒక్కచోట నుంచరాదు. ఒకటి చచ్చువరకును పోరాడును.

ఆరవది రోగము. చాల రోగములు క్రొత్తచేపతో అంగడినుండియే వచ్చును. కాబట్టి తెచ్చినదానిని వేరొక టబ్బులో రెండు మూడు వారములుంచి చూచిన పిమ్మటనే తొట్టిలో చేర్చవలయును. సంచిని మొదట పావుగంట నీటిపై తేలనిచ్చి, కొంచెము కొంచెముగా మన నీరు కలిపి, చేపను మాత్రము వలతో తీసి విడువవలయును. అంగడి నీటిని పోయరాదు. ఒంటిపై బొంబాయిరవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడి, చేప రాళ్లకు రాచుకొనుచుండినచో అది తెల్లచుక్కల తెగులు. దానిని కలిగించు పరాన్నజీవి చేపచర్మములో దాగియున్నప్పుడు మందునకు లొంగదు. చర్మము విడిచి నీటిలో ఈదునప్పుడు మాత్రమే చచ్చును. కావున చుక్కలు రాలగానే వైద్యము మానరాదు. పిమ్మట ఒక వారమైనను సాగింపవలయును. లీటరుకు 2 గ్రాముల చొప్పున కల్లుప్పును విడిగా నీటిలో కరగించి, రెండు మూడు విడతలుగా పోసి, నీటి వేడిని మెల్లగా 28 మొదలు 30 డిగ్రీలవరకు పెంచి, గాలిని ఎక్కువ చేయుట వాడుకలోనున్న పద్ధతి. మొక్కలకును, పొలుసులేని చేపలకును ఉప్పు సరిపడదు. నీలిమందు సూక్ష్మజీవులను గూడ చంపును. దానిని తొట్టిలో పోయక వేరు పాత్రలోనే వాడవలయును. మందులకు ముందు నీటిని పరీక్షించుట మరువరాదు. చేప రొప్పుచున్నను, రెక్కలు ముడుచుకొన్నను నూటికి ఎక్కువపాళ్లు తప్పు నీటిదే.

ఏడవది సంతానము. గప్పీ గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. ఇంచుమించు నెలకొక కాన్పు. ఒక్కసారి మగదానితో కలిసిన ఆడుచేప, మగది లేకున్నను, కొన్ని మాసములు కనుచునే యుండగలదు. మురిసి ఊరకున్నచో మత్స్యావతార కథయే యగును. అందుకే మేము మగవానినే పెంచుచున్నాము. ఎక్కువైన చేపలను కాలువలోనో చెరువులోనో విడిచిన పుణ్యమని తలచువారున్నారు. సోదరీమణులారా, అది పుణ్యము కాదు. తొట్టిగాజుకు పట్టిన నాచును తినునని అమ్ము నల్లని సక్కరు చేప దక్షిణ అమెరికా ఖండపుది. అది అడుగునకు మించి పెరుగగానే తొట్టిలో పట్టక జనులు నీటిలో విడిచిరి. నేడు అది ఆంధ్రదేశపు నదులలో, చెరువులలో వ్యాపించినది. పల్లెకారులు దానిని దెయ్యపుచేప యని తిట్టుకొనుచున్నారు. దాని ముండ్లకు వలలు చినుగును; మన చేపల తిండి తరుగును. మన ముందుగది వేడుక మరియొక యింటి కూడు తీయరాదు. అక్కరలేని చేపను అంగడివానికో, పెంచువారికో తిరిగి యిచ్చుటయే సరియైన దారి.

ఇన్ని చిక్కులున్న ఈ పని మనకేల యని కొందరనవచ్చును. ఫ్రాన్సు దేశమున 1794లో పుట్టిన జాన్ విల్‌ప్రో పవర్ అను నామె మొదట బట్టలు కుట్టుకొని జీవించినది. ఒక రాజకుమార్తె పెండ్లి దుస్తులను కుట్టి పేరుపొందినది. పెండ్లియాడి సిసిలీ ద్వీపమున కాపురముండి, 1832లో సముద్రజీవులను సజీవముగా నుంచి చూచుటకు గాజుతొట్లు చేయించినది. ఆర్గొనాటా అను జీవి తన చిప్పను తానే కట్టుకొనునని ఆ తొట్లలో కనిపెట్టి లోకమునకు చాటినది. సూదిపట్టిన చేతికి, ఓపికతో చూచిన కంటికి అంతటి ఫలము దక్కినది. మన పిల్లలకును ఆ చూపు అలవడుటకు ఈ తొట్టి సాధనము కాగలదు.

ఇప్పుడు మా తొట్టిలో ఎనిమిది గప్పీలున్నవి. గప్పీ ఆయువే రెండేండ్లకు కొంచెము అటునిటు. మొదట తెచ్చిన వానిలో కడపటిది ఈ సంక్రాంతికి చనిపోయినది. ఉదయము దానిని మొదట చూచినవారు మా అత్తగారు. ఈసారి వారు కీడు మాట యెత్తలేదు. వంటింటి గుమ్మములోనికి వచ్చి, "అమ్మాయీ, నీళ్లెప్పుడు మార్చావు?" అని అడిగిరి. ఆదివారము మార్చితినని చెప్పితిమి. అత్తగారు క్యాలెండరు చూచిరి, పరీక్ష చేయించిరి. నీటియందు దోషము లేదు. "అయితే ముసలిదై పోయింది, పాపం" అని కరివేపచెట్టు మొదట గోయి త్రవ్వి దానిని పూడ్చిరి. అమ్మాయి ప్రక్కనే నిలుచున్నది. దాని కన్నులు చెమర్చినవి గాని, ఆనాటివలె మమ్ము ప్రశ్న యడుగలేదు.

వచ్చు మాసమున వేసవి ఊరగాయల జాడీలనుగూర్చి వ్రాసెదము.